ఆమె వెంట నడిచే రంగులు

పొద్దున ఎనిమిదింటికల్లా రంగులక్క ఇల్లు కదిలేది. భుజానికి సంచీ, సంచీలో భోజనం డబ్బా, మూడు కుంచెలు, ఒక పాత గుడ్డ. కుంచెలు కార్ఖానాలోనే వదిలేసి రావచ్చు. వదిలేది కాదు. వదిలితే ఎవరో ఒకరు వాటితో జిగురు పూస్తారు, మర్నాటికి అవి చీపురుపుల్లల్లా బిగుసుకుపోతాయి.

ఇంటి నుంచి అద్దాల కార్ఖానాకి నాలుగు వీధులు. మొదటి మలుపులో పళ్ళ డాక్టరు గది ఉంది. దాని కిటికీకి రంగుటద్దాలు, నీలం నీళ్ళలో రెండు కొంగలు. ఆమె అటు వస్తుంటే లోపల గచ్చు మీద పడిన నీలం మెల్లగా కదిలేది. నోరు తెరుచుకుని కూర్చున్న మనిషి మోకాళ్ళ మీంచి జారి, గడప దాటి, మెట్లు దిగి, ఆమె చెప్పుల పక్కన చేరేది. కాస్త దూరం తోడు నడిచి వెనక్కి పోయేది. రెండో వీధిలో బట్టల కొట్టు మేడ మీంచి ఎరుపూ పసుపూ దిగి వచ్చేవి. మూడో వీధిలో ఆసుపత్రి వరండాలోంచి ఆకుపచ్చ. ఎండ లేని రోజు ఏదీ వచ్చేది కాదు, ఆమె ఒక్కతే నడిచేది.

దీన్ని ఎవరూ ఆగి చూసేవారు కాదు. పళ్ళ డాక్టరు మాత్రం కిటికీలోంచి తల బయటపెట్టి, కాస్త తొందరగా దాటమ్మా, ఇక్కడ వెలుగు కదిలిపోతుంటే ఏ పన్ను పుచ్చిందో కనిపించడం లేదు అని విసుక్కునేవాడు. ఆమె నడక వేగం పెంచేది.

ఎంత పెద్ద కిటికీ అయితే దాని రంగు అంత దూరం వచ్చేది. ఆమె దూరంగా ఉంటే చిన్న కిటికీల రంగులు ఉన్నచోటే ఆమె ఉన్న దిక్కుకి ఒరిగేవి. ఒకసారి ఆమెకి జ్వరం తగిలి వారం రోజులు మంచం దిగలేదు. ఆ వారం ఊళ్ళో రంగులన్నీ ప్రతి గదిలోనూ ఒకే మూలకి ఒదిగి పడుకున్నాయి. ఆమె చెల్లెలు బట్టలు కుడుతుంది. అక్క ఇంటికి రావడం ఆలస్యమైతే కుట్టుమిషను ఆపి, ఎదురింటి వాళ్ళ తలుపు మీది రంగుటద్దం వైపు చూసేది. "ఎడమకి లాగుతోంది, కూరగాయలకి పోయినట్టుంది" అనుకుని మళ్ళీ తొక్కడం మొదలుపెట్టేది.

ఎందుకలా అని ఎవరైనా పరాయి ఊరివాళ్ళు అడిగితే ఊళ్ళో తయారుగా ఒక జవాబుంది. అద్దాలు తుడిచేది ఆమె కదా, రంగులు ఆమెకి మాలిమి అయ్యాయి.

తుడిచేది ఆమే, నిజమే. కిటికీ బిగించాక సందుల్లో మిగిలిన లప్పం గీకి, అద్దం కడిగి, మెరిసేదాకా గుడ్డతో రుద్దేది. కానీ అంతకుముందు ఆ కొంగల్ని కాగితం మీద గీసింది ఆమె. ఏ ముక్క ఏ నీలంలో ఉండాలో గాజు పలకల్ని ఒక్కొక్కటిగా కిటికీకి ఆనించి చూసి ఎంచింది ఆమె. ఇనుప పొడినీ గాజు పొడినీ జిగురు నీళ్ళతో కలిపి, గంటన్నర నూరి, కొంగ రెక్కలో ఒక్కో ఈకనీ దిద్దింది ఆమె. ఇదేం గుట్టు కాదు. కార్ఖానా కిటికీలు వీధివైపే ఉన్నాయి, ఆమె వంగి రాస్తుండటం దారిన పోయే ప్రతివాడికీ కనిపించేది. ఇరవై ఆరేళ్ళు చూశారు. అన్యాయాన్ని దాచడానికి గోడలు అక్కర్లేదు, జనానికి అలవాటైతే చాలు.

కిటికీ కింద కుడి మూలన మాత్రం యజమాని పేరుండేది.

యజమాని చెడ్డవాడు కాదు. అదే కష్టం. చెడ్డవాడైతే తిట్టుకోవచ్చు. అరవై దాటిన మనిషి, మాట మెత్తన, ఎప్పుడూ ఇస్త్రీ నలగని చొక్కా. ఆమెని "అమ్మా" అని తప్ప పిలిచేవాడు కాదు. వచ్చినవాళ్ళకి కార్ఖానా చూపిస్తూ ఆమె బల్ల దగ్గరికి వచ్చినప్పుడు, ఈమె మా ఇంటి మనిషి అనేవాడు. బొమ్మ గురించి అడిగితే తనే చెప్పేవాడు. ఈ ముఖంలో విషాదం కోసం నేను చాలా తపన పడ్డాను అని అతను చెబుతుంటే, ఆ ముఖం రాసిన కుంచెని ఆమె నీళ్ళలో కడుగుతూ ఉండేది. అతను అబద్ధం ఆడుతున్నానని అనుకునేవాడు కాదు. పెరడు తనది, బట్టీ తనది, గాజు తనది. అందులోంచి పుట్టింది మాత్రం ఇంకొకరిదెలా అవుతుందో అతనికి ఎవరూ చెప్పలేదు. అతని తరగతి మనుషులకి ఎవరూ చెప్పరు.

ఊరికి కొత్త లైబ్రరీ కట్టారు. పెద్ద హాలు, తూర్పు గోడ నిండా ఒకే కిటికీ. ఆ కిటికీ పని కార్ఖానాకి వచ్చింది. రెండేళ్ళు పట్టింది. ఆమె అందులో తొమ్మిది మంది చదువుకునే మనుషుల్ని రాసింది. భూతద్దం పట్టుకున్న ముసలాయన, వంటగదిలో నిలబడే చదువుతున్న ఆడమనిషి, డ్యూటీ దుస్తుల్లో నర్సు, చేతులకి పిండి అంటిన రొట్టెలవాడు, ఇంకా ఐదుగురు. ముఖాలకి రంగు వేసి, గాజుకి అంటుకుపోయేలా బట్టీలో ఒకసారి కాల్చి, మళ్ళీ వేసి మళ్ళీ కాల్చింది. వాళ్ళ చేతుల్లో పుస్తకాల పుటలకి మాత్రం ఏ రంగూ వెయ్యలేదు. తెల్లగాజు అలాగే వదిలేసింది. ఎండ నేరుగా పుస్తకాల్లోంచి వస్తున్నట్టు ఉండాలని.

పని ముగింపుకొస్తుండగా యజమాని కొడుకు ఒకరోజు కార్ఖానాలో అందరినీ నిలబెట్టి మాట్లాడాడు. లైబ్రరీ కిటికీయే చివరిదట. ఇక మీదట గాజు మీద అంటించే ప్లాస్టిక్ పొర తెప్పిస్తారట, దాని మీద ఏ బొమ్మైనా మిషన్లో అచ్చు పడుతుందట. చేత్తో రాసే బల్ల తీసేస్తారు. అక్క ఎక్కడికీ పోనక్కర్లేదు, ప్యాకింగులో కూర్చోవచ్చు అని ఆమె వైపు చూసి నవ్వాడు. ఉద్యోగం పోనివ్వనందుకు ఆమె సంతోషిస్తుందని అతను నిజంగానే అనుకున్నాడు.

సాయంత్రం చెల్లెలికి చెప్పింది. చెల్లెలు దారం పళ్ళతో తెంపింది.

"ప్యాకింగంటే?"

"అట్టపెట్టెల్లో గడ్డి కుక్కడం. అద్దాలు పగలకుండా."

"బాగుంది. అద్దాలు పగలకుండా నిన్ను కుక్కుతారన్నమాట."

చెల్లెలు మిషను వదిలి వచ్చి ఎదురుగా కూర్చుంది. లైబ్రరీకి ఊరంతా వస్తుందనీ, ఆ ఒక్క కిటికీ మీద ఈమె పేరుంటే రేపు కార్ఖానా లేకపోయినా జనం వెతుక్కుంటూ ఇంటికే వస్తారనీ, లేకపోతే ఇరవై ఆరేళ్ళూ గాలికి పోయినట్టేననీ చెప్పింది. "అడుగు. అడిగితే నాలుక అరిగిపోదు" అంది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె యజమాని గదిలోకి వెళ్ళింది. ఇరవై ఆరేళ్ళలో ఆ గదిలో కూర్చోలేదు, ఆ రోజు కూడా కూర్చోలేదు.

"లైబ్రరీ కిటికీ మీద నా పేరు కూడా వేయించండి. మీది తీసెయ్యమనడం లేదు. కింద, చిన్నగా."

యజమాని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అతనికి కోపం రాలేదు, బాధ కలిగింది.

"నువ్వు ఇంటి మనిషివమ్మా. ఇంటి మనిషికి పేరెందుకు చెప్పు?"

"మీ ఇంటి గుమ్మం మీద మీ పేరుంది కదండీ."

అతను పెద్దగా నవ్వాడు. సాయంత్రం కొడుక్కి కూడా చెప్పి నవ్వాడు, రంగులక్క ఎంత మాటకారి అయిందో చూశావా అని. ఆ గదిలో మాత్రం నవ్వడం అయ్యాక ఆమెకి మెల్లగా నచ్చజెప్పాడు. పేరు అనేది మనిషిది కాదు, సంస్థది. అందరూ తలా ఒక పేరు రాసుకుంటే కిటికీ కిటికీలా ఉండదు, హాజరు పట్టీలా ఉంటుంది. ఆమె వెళ్ళబోతుంటే ఇంకో మాట అన్నాడు. ప్రారంభోత్సవం రోజు మాత్రం ఆమె ఆ చుట్టుపక్కలకి రాకూడదు. వస్తే వెలుగంతా ఆమె మీదికి పోతుంది, పెద్దపెద్దవాళ్ళు ఉత్త గచ్చు మీద నిలబడాల్సి వస్తుంది. పోయినసారి ఆసుపత్రిలో ఎంత ఇబ్బంది అయిందో గుర్తుందిగా.

గుర్తుంది. ఆమెకి ఆసుపత్రి మరుగుదొడ్డి పక్క గదిలో గంటసేపు తలుపేసుకుని నిలబడటం గుర్తుంది, తలుపు కింది సందులోంచి ఆకుపచ్చ వెలుగు లోపలికి పాకి రావడం గుర్తుంది.

ఇక మిగిలింది మూల ముక్క.

కిటికీలో అన్ని ముక్కలూ కాల్చడం అయ్యాక, ఆఖరున కుడి మూల ముక్క మీద యజమాని సంతకం చేస్తాడు. అది కార్ఖానా ఆనవాయితీ. అతను కుంచె పట్టుకునేది అప్పుడొక్కసారే. గాజుకి రెండు ముఖాలుంటాయి, ఒకటి గదిలోకి చూసేది, ఇంకొకటి వీధిలోకి. రంగు ఎప్పుడూ గదిలోకి చూసే ముఖం మీదే వెయ్యాలి. బయట వేస్తే వాన తినేస్తుంది, లోపల్నుంచి చూస్తే రాత తిరగబడుతుంది. కొత్తగా చేరినవాళ్ళకి ఈ సంగతి ఒక్క వారంలో వేళ్ళకి తెలిసిపోతుంది. యజమానికి తెలియలేదు. ఏ ముఖం ఎటో ఎవర్నీ అడగనివాడు కాబట్టి, ముక్కని వీధిలోంచి చూసినట్టే బల్ల మీద పెట్టుకుని రాసేవాడు. ముక్కకి ఒక పక్క వంపు ఉంటుంది, తర్వాత తిరగేద్దామన్నా చట్రంలో కూర్చోదు.

అందుకని అతను వెళ్ళిపోయాక ఆమె వేలు తడి చేసుకుని ఆ సంతకం తుడిచేసేది. కాల్చని రంగు తడి తగిలితే దుమ్ములా వచ్చేస్తుంది. ముక్కని తిప్పి, అవతలి ముఖం మీద అతని పేరు మళ్ళీ రాసేది. అతని అక్షరాల వాలు, చివరి గీతలో అతని విసురు, అన్నీ అచ్చం అలాగే. ఇరవై ఆరేళ్ళు. ఊళ్ళో యజమాని సంతకం ఉన్న కిటికీలు నూటికి పైనే. వాటిలో ఒక్క సంతకం కూడా అతను చేసింది కాదు. దోపిడీ ఎంత పరిపూర్ణంగా ఉంటుందంటే, దొంగ తన వేలిముద్ర కూడా దోచుకున్నవాళ్ళ చేతే వేయిస్తాడు.

ఆ రోజు యజమాని వచ్చాడు, రాశాడు, కుంచె పక్కన పెట్టి చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆమె వేలు నీళ్ళలో ముంచింది. ముక్క మీదికి వంగింది. చాలాసేపు అలాగే ఉంది. వేలి చివరి చుక్క బల్ల మీద పడింది. తర్వాత ఆమె వేలిని పమిటకి తుడుచుకుని, ముక్కని పళ్ళెంలో పెట్టి, ఉన్నదున్నట్టు బట్టీ తాత దగ్గరికి తీసుకెళ్ళింది.

బట్టీ తాత ఆ కార్ఖానాలో అందరికంటే పాతవాడు. రంగు పచ్చిగా ఉందో ఉడికిందో బట్టీ కన్నంలోంచి వచ్చే వేడిని చెంపతో పట్టి చెప్పగలడు. ముక్కని అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు.

"అమ్మాయ్, ఇలాగేనా?"

"ఇలాగే, తాతా."

ఆయన పళ్ళేన్ని లోపలికి తోసి బట్టీ మూత వేశాడు.

ప్రారంభోత్సవం పొద్దున పదకొండింటికి. ఆమె ఇంట్లోనే ఉంది. చెల్లెలికి బొత్తాలు కుడుతూ కూర్చుంది. అక్కడ జరిగినదంతా తర్వాత బట్టీ తాత వచ్చి చెప్పాడు, ఊళ్ళోవాళ్ళు తలా ఒక రకంగా చెప్పారు.

హాలు నిండా మనుషులు. యజమాని ముందు వరుసలో ఉన్నాడు. కిటికీ మీది తెర లాగారు. తొమ్మిది మంది చదువరులూ ఒక్కసారి వెలిగారు. గచ్చు మీద, కుర్చీల మీద, పెద్దల బట్టతలల మీద ఎరుపు, నీలం, తేనెరంగు పరుచుకున్నాయి. పుస్తకాల పుటల్లోంచి తెల్లటి పలకలు పడ్డాయి. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఇంకా ఆగకుండానే వెలుగు కదిలింది. మొదట నీలం. తర్వాత మిగతావి. కుర్చీల కిందనుంచి, బూట్ల మీంచి, చెప్పుల సందుల్లోంచి జారి, గుమ్మం దగ్గర ఒక్కటై, మెట్లు దిగి వీధిలోకి వెళ్ళిపోయాయి. కిటికీ గోడ మీద వెలుగుతూనే ఉంది. కిందపడిన వెలుగు మాత్రం ఉత్త తెల్లటి ఎండ.

ఎవరూ కంగారుపడలేదు. ఆమె ఇంట్లో ఉన్నట్టుంది అని వెనక వరుసలో ఎవరో అన్నారు. ఇంత దూరం పోయేంత పెద్ద కిటికీ ఊళ్ళో ఇంతకుముందు లేదు, యజమాని అది లెక్కలోకి తీసుకోలేదు.

లైబ్రరీ అధికారిణి వేరే ఊరి నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. వెలుగు పోవడాన్ని ఆమె కూడా వింతగా చూడలేదు. కానీ హాలు ఆమె బాధ్యత, ఏ వస్తువు బయటికి పోయినా ఎవరు తీసుకెళ్ళారో రాసుకోవడం ఆమెకి అలవాటు. ఇది చేసినవారెవరు అని అడిగి, కిటికీ కింద మూలకి వంగి పేరు చదవబోయింది. చదవలేకపోయింది. అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి.

యజమాని మూల ముక్క దగ్గరికి వెళ్ళి చూశాడు. ముఖం పాలిపోయింది. ఇలా ఎప్పుడూ జరగలేదు, ఇదెవరో కావాలని చేశారు అన్నాడు. కొడుకు బట్టీ తాత వైపు కళ్ళెర్రజేశాడు.

బట్టీ తాత గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. గొంతు పెంచకుండానే చెప్పాడు.

"ఎప్పుడూ ఇలాగే జరిగిందండీ. అయ్యగారు ఇరవై ఆరేళ్ళుగా తిరగేసే రాస్తున్నారు. ఆ అమ్మాయి తుడిచేసి, మళ్ళీ రాసేది. ఈసారి తుడవలేదు."

హాల్లోవాళ్ళంతా మూల ముక్క వైపు తిరిగారు. వాళ్ళకి కొత్తగా తెలిసిందేమీ లేదు. తెలిసినదాన్ని ఒకడు నోటితో అన్నాడు, అంతే. కొన్నిసార్లు విప్లవానికి అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. యజమాని మాత్రం తన కుడిచేతి వేళ్ళని చూసుకుంటూ నిలబడ్డాడు, అవి ఎవరివో అన్నట్టు.

అధికారిణి మెట్లు దిగి రంగుల వెంట నడిచింది. నాలుగు వీధులు దాటాక అవి ఒక సన్నటి గుమ్మంలోకి మలుపు తిరిగాయి. లోపల కుట్టుమిషను, గుట్టలు గుట్టలుగా బట్టలు, మధ్యలో చాప మీద రంగులక్క. ఆమె మోకాళ్ళ మీద, చేతిలోని చొక్కా మీద, వెనక గోడ మీద లైబ్రరీ వెలుగంతా ఇరుకిరుగ్గా సర్దుకుని కూర్చుంది.

"కుర్చీ లేదు మేడమ్, ఆ మూట మీద కూర్చోండి. ఉతికినవే" అంది చెల్లెలు.

అధికారిణి కూర్చుంది. వెలుగు వెనక్కి రావాలంటే ఏం చెయ్యాలని అడిగింది.

"తెల్లటి వెలుగులోనే చదువు బాగా సాగుతుంది కదండీ. ఇది ఇక్కడ ఉంటే మీకేం నష్టం?" అంది చెల్లెలు. "మాకు కరెంటు కలిసొస్తుంది."

"కిటికీ అక్కడ, దాని వెలుగు మీ ఇంట్లో. రేపు పైవాళ్ళు వచ్చి చూస్తే నేనేం చెప్పను?" అని చెల్లెలికి బదులిచ్చి, అధికారిణి అక్క వైపు తిరిగింది. "మీరు చెప్పండి. ఏం చెయ్యాలి?"

ఆ ప్రశ్న ఆమెని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. బొత్తం కుట్టడం పూర్తి చేసి, దారం ముడేసి, అప్పుడు చెప్పింది.

"ఆ మూల ముక్క మార్చాలి."

"మారిస్తే వెలుగు నిలబడుతుందా?"

"తెలీదు. పేరైతే సరిగ్గా ఉంటుంది."

అధికారిణి కాసేపు ఆలోచించి, కాగితం తీసి, మూల ముక్క మార్చుటకు అనుమతి అని రాసి సంతకం పెట్టి ఇచ్చింది. ఏ పేరుతో మార్చాలో అడగలేదు. అడగనవసరం లేదని ఆమెకి నాలుగు వీధులు నడిచేసరికే అర్థమైంది.

మర్నాడు పొద్దున రంగులక్క తెల్లగాజులోంచి ముక్క కోసింది. వంపు చూసుకుంది, లోపలి ముఖం పైకి పెట్టుకుంది, రంగు నూరింది. తన పేరు రాసింది. రాసి చూసుకుంటే ఆ పేరు యజమాని చేతిరాతలో ఉంది. అదే వాలు, చివర అదే విసురు. తుడిచేసింది. మళ్ళీ రాసింది. మళ్ళీ అతనే. నూటికి పైగా సంతకాలు చేసిన చేతికి సొంత సంతకం లేదని ఆమెకి ఆ పూట తెలిసింది. పుస్తకాల్లో చదివి పిడికిలెత్తే వాళ్ళం మనం, ఎవరి చెమట, ఎవరి లాభం అని అరుస్తాం. ఈ దొంగతనం సంగతి మనకి ఎవరూ చెప్పలేదు. మనిషి చేతిలోంచి ఆమె అక్షరాలే ఎత్తుకుపోవడం.

పదకొండు సార్లు తుడిచింది. గిన్నెలో నీళ్ళు నల్లబడ్డాయి. చెల్లెలు మిషను ఆపేసింది. చివరికి ఆమె కుంచె పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గాజు మీద పేరు రాయడం కాదు, బొమ్మ గియ్యడం అనుకుంది. ఒక్కో అక్షరాన్నీ కొంగ మెడలాగా, చేతివేలులాగా చూసి గీసింది. మెల్లగా, గుండ్రంగా వచ్చింది. వాలు లేదు, విసురు లేదు. బట్టీ తాత దాన్ని చూసి, ఇది నీదే అన్నాడు.

ముక్క కాలి చల్లారాక, మర్నాడు పొద్దున తాతా ఆమే కలిసి మూల సీసం పట్టీ విప్పి, పాత ముక్క తీసి, కొత్తది కూర్చోబెట్టి, టంకం వేశారు. అధికారిణి పనిముట్లు అందించింది. రంగులక్క అద్దం తుడిచి, లేచి, హాలు మధ్యకి వచ్చి నిలబడింది.

రంగులు కదల్లేదు. ఎక్కడ పడ్డవి అక్కడే ఉన్నాయి. నీలం ఒక కుర్చీ మీద, ఎరుపు గోడ వారన, పుటల తెలుపు గచ్చు నడిమధ్యన. ఆమె ఒక అడుగు పక్కకి వేసింది. రాలేదు. గుమ్మం దాకా నడిచి వెనక్కి చూసింది. తొమ్మిది మందీ చదువుకుంటున్నారు, ఒక్కరూ తలెత్తలేదు.

అధికారిణి ఊపిరి వదిలి రిజిస్టరులో ఏదో రాసుకుంది. రంగులక్క సంతోషంగా ఉన్నట్టు కనబడలేదు. ఇంటి నుంచి పెద్ద చదువుకి పంపిన బిడ్డ హాస్టలు గేటు దాటి వెనక్కి తిరిగి చూడకుండా పోతే తల్లి నిలబడ్డట్టు నిలబడింది. తర్వాత గుడ్డ మడిచి సంచీలో పెట్టుకుంది.

నాలుగు రోజులకి పళ్ళ డాక్టరు వచ్చాడు. కాగితంలో చుట్టిన మూల ముక్క పట్టుకొచ్చాడు. లైబ్రరీ వెలుగు నిలబడిందట కదా, మా కొంగలు కూడా నిలబడితే బాగుండు, రోజుకి రెండుసార్లు మీరు ఆ దారిన పోయినప్పుడల్లా పని ఆగిపోతోంది అన్నాడు. ఇన్నేళ్ళు మీ పేరు లేకపోవడం తప్పయింది అనలేదు. ఆమె ముక్క తీసుకుంది. అతని వెనక బట్టల కొట్టువాళ్ళు, వాళ్ళ వెనక ఆసుపత్రివాళ్ళు. నెల తిరిగేసరికి చెల్లెలి కుట్టుమిషను పక్కన జనం మూటల మీద కూర్చుని తమ వంతు కోసం ఎదురుచూసేవారు. ఒక్కొక్కరి చేతిలో అరచేతంత గాజు, దాని మీద ఒకే మనిషి పేరు.

న్యాయం కోసం వచ్చినవాడు ఒక్కడూ లేడు. అందరూ తమ గదుల్లో తమ వెలుగు కోసమే వచ్చారు. రానీ. చరిత్రలో తలుపులు తెరుచుకున్నది చాలాసార్లు ఇలాగే, లోపల ఎవరికో గాలి ఆడక. తెరుచుకున్నాక అందులోంచి ఎవరు నడుస్తారన్నదే ముఖ్యం. వచ్చినవాళ్ళు ఊరికే కూర్చోలేక ఆమె గీసిన కాగితాలు తిరగేసేవారు. ఒకరు తలుపుకి చిన్న అద్దం అడిగారు, ఇంకొకరు మెట్ల దగ్గరికి పెద్దది. ఆమె ప్యాకింగుకి వెళ్ళనేలేదు. బట్టీ తాత కూడా కార్ఖానా మానేసి, వాళ్ళ పెరట్లో ఇటుకలతో చిన్న బట్టీ కట్టాడు. చెల్లెలు తన బట్టలన్నీ ఒక పక్కకి నెట్టుకుని, అక్క గాజు పొడి నా కుట్టులో పడితే కట్టుకున్నవాళ్ళు గోక్కుని చస్తారు అని రోజూ సణిగేది.

ఒక్కో ముక్క మారుతున్నకొద్దీ ఊళ్ళో ఒక్కో కిటికీ ఆమెని వదిలేసింది. ఇప్పుడు ఆమె వీధిలో పోతుంటే ఏ గడపా దాటి ఏ రంగూ రాదు. మొదట్లో ఆమె డాక్టరు మలుపు దగ్గర అలవాటుగా నడక పెంచేది. ఇప్పుడు పెంచడం లేదు.

ఒక్క కిటికీ మిగిలింది. అది యజమాని ఇంటి మెట్ల దగ్గరిది. ఆమె పనిలో చేరిన ఐదో ఏట రాసింది, ఎర్రటి ఆకుల తీగ, మేడ ఎత్తు. ఆ ఇంటి నుంచి మాత్రం ఎవరూ రాలేదు. కొడుకు ఆ కిటికీకి కూడా ప్లాస్టిక్ పొర అంటిద్దామన్నాడట, పెద్దాయన ఒప్పుకోలేదట. అలాగని తన పేరు తీయించడానికీ ఒప్పుకోలేదు. పడమటి ఎండ రాగానే ఎరుపంతా మెట్లు దిగి పోతుంటే, ఉత్త తెల్లటి మెట్ల ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాడట. ఇది అక్కడ పనిచేసే ఆమె చెప్పింది.

"వస్తాడంటావా?" అని చెల్లెలు ఒకరోజు అడిగింది.

"తెలీదు."

"రాకపోతే?"

రంగులక్క చేతిలోని కుంచె ఆపలేదు. ఆ మూల ముక్క కొలత ఆమెకి తెలుసు, కోసింది తనే. కొత్త ముక్క ఎప్పుడో కోసి, తన పేరు రాసి, కాల్పించి, గుడ్డలో చుట్టి అరలో పెట్టి ఉంచింది.

నాలుగవుతుండగా గుమ్మంలోకి ఎర్రటి ఆకులు వచ్చాయి. మూడు వీధులు దాటి వచ్చినవి, అంచులు కాస్త వెలిసి ఉన్నాయి. బల్ల కాళ్ళ దగ్గర ఆగాయి. ఆమె వాటి వైపు చూడలేదు. రాస్తూనే, కాలు కొంచెం పక్కకి జరిపి చోటిచ్చింది.